గోడ లోపలి వైరు

ఈ పనిలో నన్ను అలసగొట్టింది నిచ్చెనలు కాదు, మనుషులు. నిచ్చెన ఎక్కి దిగితే మోకాళ్లు పట్టేస్తాయి. పడుకునే ముందు కాస్త నూనె రాస్తే తెల్లారేసరికి సర్దుకుంటాయి. మాటల్లేని మనుషుల మధ్య ఒక పూట నిలబడి వస్తే మాత్రం ఏ నూనె రాసినా లాభం లేదు.

మెదక్‌లో కంప్యూటర్లకు వైర్లు లాగి, నెట్ నడిచేలా చూడడం నా పని. బడులు, దవాఖానాలు, దుకాణాలు, ఎక్కడ నాలుగు కంప్యూటర్లుంటే అక్కడ ఓ మూలన ఒక చిన్న ఇనుప పెట్టె ఉంటుంది. దానికి వరసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రానికి ఒక చిన్న దీపం. దాన్ని స్విచ్ అంటారు. ఫ్యాను స్విచ్చు కాదు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ వాళ్లమ్మతో “ఈయన స్విచ్చులు బాగుచేస్తారు” అని చెప్పింది. అంతే, మా అత్త నన్ను కరెంటు పనివాడి కిందే జమకట్టింది. వాళ్లింట్లో ఫ్యూజు పోయినప్పుడల్లా నాకే కబురు. నేనూ వెళ్లి వేసి వచ్చేవాణ్ణి. విడమరిచి చెప్పే ఓపిక నాకు అప్పుడూ తక్కువే.

బస్టాండు నుంచి బజారుకు వెళ్లే దారిలో ఇద్దరు అన్నదమ్ముల దుకాణాలున్నాయి. ఒకప్పుడు అది ఒకటే దుకాణం. అన్న జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు చూసేవాడు. తమ్ముడు ఫొటోలు తీసేవాడు, ప్రింట్లు, లామినేషన్ చేసేవాడు. శంకరంపేట నుంచో టేక్మాల్ నుంచో బస్సు దిగిన మనిషి ఒకే గడప లోపల ఫొటో దిగి, దరఖాస్తు పెట్టుకుని, కాగితం చేతపట్టుకుని తిరుగు బస్సు అందుకునేవాడు. ఆ దుకాణంలో మొదటి వైరు లాగింది నేనే. ఎడమ పక్క అన్న బల్ల కింద ఒక స్విచ్, కుడి పక్క తమ్ముడి స్టూడియో మూలన ఇంకొకటి, రెండింటినీ కలుపుతూ నేల వెంబడి ఒక బూడిద రంగు వైరు. ఆ రోజు తమ్ముడు నా చేత బలవంతాన ఫొటో దిగించాడు. అందులో నాకు జుట్టుంది.

వాళ్ల నాన్న పోయాక పంపకాలు జరిగాయి. దుకాణం నడిమధ్య గోడ లేచింది. గోడ తన వైపు బెత్తెడు జరిగిందని తమ్ముడన్నాడు. “మేస్త్రి దారం పట్టిండు, నేను పట్టలే” అన్నాడు అన్న. మేస్త్రిని పిలిపించారు. దారం సరిగ్గానే పట్టానని అతను ఒట్టు పెట్టుకున్నాడు. ఆ బెత్తెడు జాగా ఎవరికీ ఎందుకూ పనికిరాదు, ఒక కుర్చీ కూడా పట్టదు. దాని మీద అన్నదమ్ముల మాట ఆగిపోయింది. గోడ కట్టేటప్పుడు నేను లాగిన వైరు దారికి అడ్డంగా ఉంది. దాన్ని తీయాలని మేస్త్రికి తోచలేదు, దాని మీదే ఇటుకలు పేర్చి సిమెంటు పూసేశాడు. నెట్ ఎవరిది వాళ్లకు విడదీయమని ఆ రోజు నన్ను పిలిచారు. నేను సంచి విప్పేలోపే అన్న వంగి, తన వైపున్న వైరు కొసను స్విచ్చులోంచి ఊడబీకి, అందరూ చూస్తుండగా గోడకేసి కొట్టాడు. తమ్ముడు అప్పుడు తన సగంలో ఉన్నాడు. నేను అటు వెళ్లలేదు. నాకు అప్పటికే సరిపోయింది.

అప్పటి నుంచి నాకు ఇంకో ఉద్యోగం వచ్చింది, జీతం లేనిది. నేను తమ్ముడి దుకాణంలో ఉంటే “భాయ్, జర ఆయనకు చెప్పు, మెట్ల కింద బల్బు పోయింది, ఏపియ్యమని” అనేవాడు. వాళ్ల మధ్య ఉన్నది ఒక వరస ఇటుకల గోడ. ఇటు దగ్గితే అటు వినబడుతుంది. అయినా నేను బయటికి నడిచి, చెప్పులు తొడుక్కుని, నాలుగడుగులు వేసి, మళ్లీ చెప్పులు విడిచి, “మెట్ల కింద బల్బు...” అని మొదలుపెడితే అన్న చెయ్యి ఊపేవాడు.

“ఇన్న, ఇన్న. రేపు ఏపిస్త అని చెప్పుపో.”

ఆ మాట తమ్ముడికీ వినబడే ఉంటుంది. అయినా నేను వెళ్లి చెప్పాలి. స్విచ్చులు పెట్టేవాణ్ణి కాస్తా నేనే ఒక స్విచ్చునైపోయాను. ఇటు నుంచి వచ్చింది అటు, అటు నుంచి వచ్చింది ఇటు.

ఆడవాళ్లు మాత్రం ఈ గొడవలో చేరలేదు. దుకాణాల పైనే రెండు కాపురాలు. రెండు వంటిళ్ల కిటికీలు ఎదురెదురు, మధ్యలో బట్టలు ఆరేసే తాడు. ఆ కిటికీల మధ్య ఒక స్టీలు గిన్నె తిరుగుతుండేది. ఉత్త గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా. పప్పుతో వెళ్లిన గిన్నె పచ్చడితో వచ్చేది, పచ్చడి గిన్నె మళ్లీ సర్వపిండితో వెళ్లేది. ఆ గిన్నె అసలు ఎవరిదో ఇద్దరికీ గుర్తులేదని పెద్దకోడలు ఒకసారి నాతో చెప్పి నవ్వింది. మగవాళ్లు దుకాణాల్లో ఉన్నప్పుడే గిన్నె కదిలేది.

ఈ ఏడు అడ్మిషన్ల సీజను మొదలయ్యేసరికి తమ్ముడి నెట్ ఆగిపోయింది. అతనికి కనెక్షన్ ఇచ్చిన చిన్న కంపెనీ చెప్పాపెట్టకుండా మూతపడింది. ఇంకో కంపెనీ వాళ్లను అడిగితే స్తంభం మీది పెట్టెలో జాగా లేదు, తర్వాత చూద్దాం అన్నారు. ఫోన్లో నెట్ పెట్టుకుంటే ఆ బజారు జనంలో ఒక పేజీ తెరుచుకునేలోపు పిల్లలు లేచిపోతారు. ఉత్త ఫొటోలతో ఈ రోజుల్లో దుకాణం నడవదు. అందరి జేబులోనూ కెమెరా ఉంది. ఒక సాయంత్రం అతను నన్ను ఆపి, కామారెడ్డిలో ఒక దుకాణం కిరాయికి చూశానన్నాడు.

“ఈ నెల చూస్త భాయ్. నెట్ రాకపోతే సామాను కట్టుడే. అక్కడ వైరింగు నువ్వే చెయ్యాలె.”

సరే అన్నాను. కాదనడానికి నాకేం హక్కుంది. కానీ ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే నాకు నిజంగా బాధేసింది. గోడ కట్టినా వాళ్లు పక్కపక్కనే ఉన్నారు, ఒకరి దగ్గు ఒకరికి వినబడుతోంది. కామారెడ్డి వెళ్తే అదీ ఉండదు. కిటికీల మధ్య గిన్నె కూడా ఉండదు.

తర్వాతి సోమవారం నేను టేక్మాల్‌లో ఒక బడిలో నిచ్చెన మీదున్నాను. ఫోన్ మోగింది. అన్న.

“భాయ్, నెట్ బందయింది. దుకాణం నిండ పిల్లలున్నరు. జల్ది రా.”

ఆ ఫోన్ జేబులో పెట్టుకునేలోపే ఇంకోటి. తమ్ముడు.

“భాయ్, నెట్ నడుస్తలేదు.”

“నీకు నెట్టెక్కడిది?” అన్నాను.

“మా బామ్మర్ది పెట్టిచ్చిండట. నిన్న నేను పెండ్లి ఫొటోలకు పోయిన, అప్పుడు అచ్చి పెట్టిపోయిండ్రట. మా ఇంట్లామె చెప్పింది. పొద్దున దుకాణం తెరిచి చూస్తే ఏం లేదు. మా బామ్మర్ది పనులు గిట్లనే ఉంటయి.”

స్తంభం మీద జాగా లేని చోట బామ్మర్ది ఎలా పెట్టించాడో నాకు అంతుపట్టలేదు. బండి తీసి బయల్దేరాను. ఎండ మాడ్చేస్తోంది. మెదక్ చేరి దుకాణం ముందు బండి ఆపేసరికి పిల్లలూ తల్లిదండ్రులూ మార్కుల మెమోలు చేతపట్టుకుని మెట్ల మీద దాకా ఉన్నారు. అందరూ నన్ను డాక్టరును చూసినట్టు చూశారు. 

అన్న బల్ల కింద దూరి స్విచ్ చూశాను. దీపాలన్నీ ఒక్కసారే వెలుగుతున్నాయి, ఒక్కసారే ఆరుతున్నాయి. మామూలుగా అవి దేనికి తోచినట్టు అది మినుకుమంటాయి. అన్నీ కలిసి కొట్టుకుంటున్నాయంటే ఎక్కడో చుట్టు పడిందని అర్థం. మా భాషలో లూప్ అంటాం.

చుట్టు అంటే పెద్ద విషయం కాదు. ఏదో ఒక కంప్యూటరు “ప్రింటరు ఎక్కడుంది?” అని అడుగుతుంది. స్విచ్చుకు తెలియకపోతే ఆ ప్రశ్నను అన్ని రంధ్రాల్లోకీ పంపుతుంది. ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్చుకు ఒకటే వైరుంటే ప్రశ్న అటు వెళ్లి ఆగిపోతుంది. రెండు వైర్లున్నాయనుకోండి, ఒక వైరులో వెళ్లిన ప్రశ్న రెండో వైరులోంచి తిరిగొస్తుంది. స్విచ్ దాన్ని కొత్త ప్రశ్న అనుకుని మళ్లీ పంపుతుంది. అది మళ్లీ వస్తుంది. అలా ఒకే ప్రశ్న వేలసార్లు తిరిగి తిరిగి దారంతా నిండిపోతుంది, అసలు పనికి సందు దొరకదు. మనుషులైతే అడిగిందే అడిగి ఎప్పుడో ఒకప్పుడు అలసిపోతారు. పెట్టెలకు ఆ అదృష్టం లేదు.

ఒక్కో వైరూ తీసి చూడడం మొదలుపెట్టాను. ఒక బూడిద రంగు వైరు మీద చెయ్యి పడగానే పైనుంచి అన్న గొంతు వినిపించింది.

“గది తియ్యకు భాయ్.”

“ఇది ఎటు పోతది?”

“ఎటూ పోదు.”

ఎటూ పోని వైరును తీస్తే ఏం నష్టమో అడగాలనిపించింది. అంతలో దాన్ని గుర్తుపట్టాను. నేను లాగిన వైరే. గోడకేసి కొట్టినప్పుడు కొస దగ్గర పడిన సొట్ట ఇంకా ఉంది. దుమ్ము తుడిచి, మళ్లీ స్విచ్చులో పెట్టారు. దాన్ని ఊడదీశాను. దీపాలు ఒక్కసారి తడబడి, మెల్లగా దేనికి తోచినట్టు అది మినుకుమనసాగాయి. బల్ల మీద కంప్యూటరులో ఆగిపోయిన పేజీ తెరుచుకుంది. ముందున్న పిల్ల “అచ్చింది అంకుల్” అని అరిచింది.

అన్న ఆ పిల్ల వైపు చూడలేదు. వంగి, బల్ల కింద నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం యాభై దాటినవాళ్లం, బల్ల కింద దొంగల్లా ముడుచుకుని ఉన్నాం.

“అది మళ్ల పెట్టు. ఇంకోటి ఏదన్న తీయి” అన్నాడు గుసగుసగా.

“దాంతోనే గదా ఆగింది.”

“అయినా సరే. అది ఉండాలె.” గోడ వైపు చూసి గొంతు ఇంకా తగ్గించాడు. “నెట్ లేకపోతే వాడు కామారెడ్డి పోతడట. నీకు తెల్వదా? నేను ఇస్త అంటే తీసుకుంటడా? నేను ఇచ్చిన్నని తెలిస్తే పీకి రోడ్డు మీద ఏస్తడు. అందుకే పొద్దుగాల దుకాణం తెరవంగనే ఊకె పెట్టి చూసిన.”

“ఇటు పెడితే ఏమైతది? అటు కొస గూడ ఉండాలె గదా.”

అన్న ఆ కొసను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో సొట్టను తడిమాడు.

“గదే భాయ్. అటు దిక్కు పీకేసుంటడు, ఎట్లన్న చేసి నీతోని పెట్టియ్యాలె అనుకున్న. ఇట్ల పెట్టిన్నో లేదో, దీపం ఎలిగింది.” గోడ వైపు వేలు చూపించాడు. “వాడు పీకలే. నేను పీకిన, వాడు పీకలే.”

“తమ్మునికి వాళ్ల బామ్మర్ది నిన్న వేరే నెట్ పెట్టిచ్చిండట” అన్నాను. అతని మొహం ఒక్కసారి చిన్నబోయింది. అంతసేపూ గట్టిగా పట్టుకున్న వైరును నేల మీద పెట్టాడు.

“గట్లనా. మంచిదే.” నేల మీది వైరును మళ్లీ నా వైపు జరిపాడు. “బామ్మర్ది నెట్ ఎన్నొద్దులుంటదో ఎవరికెరుక. నాది గూడ ఉండనియ్యి. మా ఇంట్ల మాత్రం తెలువొద్దు. ఆమెకు తెలిస్తే ఆ కిటికిలకెళ్లి ఈ కిటికిలకు పోతది మాట.”

చేస్తానన్నాను. కానీ నా అనుమానం తీరలేదు. ఒక్క వైరుతో చుట్టు పడదు. తమ్ముడి స్విచ్చుకు ఇంకో దారి ఎక్కడో ఉండాలి. అన్న స్విచ్చులోంచి పైన ఇంటికి, టీవీ కోసం ఒక వైరు వెళ్తుంది. దాని వెంట మెట్లెక్కాను. ఒక్కో మెట్టుకూ మోకాళ్లు మొరాయించాయి.

పైన టీవీ వెనక చిన్న పెట్టె ఉంటుంది. దానికి ఒక కొత్త నీలం వైరు తగిలించి ఉంది. గోడ వెంట, వంటింట్లోకి, పోపుల డబ్బాల వెనక నుంచి కిటికీ దాకా వెళ్లింది. కిటికీ బయట బట్టల తాడుకు చుట్టుకుని, ఆరేసిన దుప్పటి చాటున ఎదుటి కిటికీలోకి దూరింది. దుప్పటి ఎప్పుడో ఎండిపోయింది. తీయలేదు. ఎందుకు తీయలేదో నాకు అర్థమైంది.

పెద్దకోడలు స్టవ్ కట్టేసి చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

“అన్నా, మీ పుణ్యముంటది, కింద చెప్పకుండ్రి” అంది.

“బామ్మర్ది కనెక్షన్ అంటే ఇదేనా?”

ఎదుటి కిటికీలోంచి చిన్నకోడలు తొంగిచూసింది. ఆమె కళ్లలో భయం కనబడుతూనే ఉంది. “నేనే చెప్పిన అన్నా అబద్ధం. మా తమ్మునికి నెట్టేందో గూడ తెల్వది” అంది. “కామారెడ్డికి పోతే అక్కడ నాకెవరున్నరు?”

“మీరు కింద సీసీ కెమెరాలు పెట్టినప్పుడు ఇడిసిపోయిన వైరే అన్నా” అంది పెద్దకోడలు. “నిన్న ఆయన ఇంట్ల పండుకున్నడు, మరిది పెండ్లికి పోయిండు. ఇద్దరం కలిసి గుంజినం. ఆమె దిక్కు పాత కనెక్షన్ది దుకాణంలకు దిగే వైరుండె. దాన్కి తగిలిచ్చినం. నిన్న మంచిగ అచ్చింది. పొద్దున ఏమైందో ఏమో.”

పొద్దున ఏమైందో నాకు తెలుసు, చెప్పే వీలు లేదు. ఒకే ఇంట్లో మొగుడికి తెలియకుండా పెళ్లాం నిన్న ఒక వైరు పెట్టింది, పెళ్లానికి తెలియకుండా మొగుడు ఈ పొద్దున ఒక వైరు పెట్టాడు. ఒక్కళ్లే పెట్టి ఉంటే చక్కగా నడిచేది. ఇద్దరూ పెట్టడంతో రెండు దుకాణాలూ పడుకున్నాయి. ఇన్నేళ్లలో నేను ఎన్నో చుట్లు విప్పాను. ఎలుకలు కొరికిన వైర్లు, తెలియక రెండు కొసలూ ఒకే పెట్టెలో దూర్చినవాళ్లు, అన్నీ చూశాను. ప్రేమ ఎక్కువై నెట్ ఆగిపోవడం అదే మొదలు.

“వైరు తీసెయ్యాల్నా అన్నా?” చిన్నకోడలు అడిగింది.

“తియ్యద్దు. ఉండనియ్యండ్రి. అది పండుకుంటది. ఇంకోటి ఆగితే అదే లేస్తది.”

“ఇంకోటేంది?” అంది పెద్దకోడలు.

నేను నోరు జారాను. ఆమె నా మొహం చూసింది, కింద దుకాణానికి దిగే మెట్లు చూసింది, మళ్లీ నన్ను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మా ఆయనా?”

“నేనేం చెప్పలే.”

“అవ్, మీరేం చెప్పలే” అంటూ కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నేను ఆగి చూడలేదు.

కిందికి దిగి, బల్ల చివర నా లాప్‌టాప్ తెరిచి, అన్న స్విచ్ లోపలి పేజీలోకి వెళ్లాను. ఆ స్విచ్ కాస్త మంచిది. చుట్టును కనిపెట్టే ఏర్పాటు అందులో ఉంటుంది, లూప్ డిటెక్షన్ అంటారు. అయితే కంపెనీ నుంచి వచ్చేటప్పుడు అది ఆపి ఉంటుంది, మనం వెళ్లి మొదలుపెట్టాలి. మొదలుపెడితే స్విచ్ ఊరుకోకుండా తన గుర్తు వేసిన చిన్న కబురు ఒకటి ప్రతి రంధ్రంలోంచీ బయటికి పంపుతుంటుంది. తన కబురు తనకే ఇంకో దారిలో తిరిగొచ్చిందంటే చుట్టు ఉన్నట్టే. అప్పుడు రెండు దారుల్లో ఒకదాన్ని మూసేస్తుంది. వైరు ఊడదు, తెగదు, పెట్టిన చోటే ఉంటుంది. తెరిచి ఉన్న దారి ఎప్పుడైనా ఆగిపోతే, మూసిన దారిని అదే తెరుస్తుంది. ఎవరూ వచ్చి చెయ్యి పెట్టక్కర్లేదు. ఎవరికీ చెప్పక్కర్లేదు.

చుట్టు దొరికితే ఒట్టి హెచ్చరిక చేయాలా, దారి మూయాలా అని ఆ పేజీ అడిగింది. మూయమన్నాను. ఎంతసేపటికోసారి మళ్లీ చూసుకోవాలో పెట్టాను. ఆ స్విచ్ రెండింటిలో పెద్ద అంకె ఉన్న రంధ్రాన్ని మూస్తుంది. అందుకని బూడిద వైరును మొదటి రంధ్రంలో పెట్టి, పైన ఇంటికెళ్లే వైరును చివరి రంధ్రంలోకి మార్చాను. దీపాలు ఒక్క క్షణం అన్నీ కలిసి కొట్టుకున్నాయి. నా గుండె కూడా. తర్వాత సర్దుకున్నాయి.

అంటే ఇప్పుడు నెట్ గోడలోని పాత వైరులోంచి తమ్ముడి దుకాణంలోకి వెళ్తుంది. అక్కడి నుంచి పైకెక్కి, చిన్నకోడలి కిటికీ దాటి, దుప్పటి చాటున అన్న ఇంట్లోకి వస్తుంది. అన్న తన ఇంట్లో టీవీ చూడాలంటే తమ్ముడి దుకాణం మీదుగా చూడాల్సిందే. కావాలనే అలా పెట్టాను. దాని గురించి ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

“దొరికిందా?” అన్నాడు అన్న.

“పైన ఒక చుట్టు ఉండె. ఇగ రాదు. నీ వైరు ఉన్నది.”

అతను తలూపి, పిల్లల మెమోల్లోకి తల దూర్చాడు. ఒక్కసారి కిందికి వంగి దీపం చూసుకోవడం నేను గమనించాను.

చెప్పులు తొడుక్కుని పక్క గడపలో విడిచాను. తమ్ముడు పొద్దున్నించి తిప్పి పంపినవాళ్లను ఫోన్లు చేసి మళ్లీ పిలుస్తున్నాడు. మూలన అట్టపెట్టెలు కొన్ని మడతలు విప్పి నిలబెట్టి ఉన్నాయి, సామాను కట్టడానికి. 

“అచ్చింది భాయ్. ఏమైంది?”

“ఏం లేదు. జర తిరకాసు.”

నమ్మినట్టే ఉన్నాడు. సంచి తీసుకుని వెళ్లిపోదామనుకున్నాను. ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవాలన్న ధ్యాస తప్ప నాకింకేమీ లేదు. ఒక్కసారి అతని స్విచ్ కూడా చూసి పోతే సరిపోతుందని మూలకు నడిచాను. చూస్తే, అన్న అన్నట్టే బూడిద వైరు కొస దాని రంధ్రంలోనే ఉంది, నేను మొదటి రోజు పెట్టినట్టే. చుట్టూ మిగతా వైర్లు మారాయి, స్విచ్ మీద దుమ్ము పేరుకుంది. ఆ కొస చుట్టూ మాత్రం తుడిచి ఉంది.

తమ్ముడు నా వెనక వచ్చి నిలబడ్డాడు. పొద్దున అన్నీ ఒక్కటై కొట్టుకుంటుంటే అతనికి ఏ దీపం ఏదో తెలిసి ఉండదు. ఇప్పుడు అవి విడివిడిగా మినుకుమంటున్నాయి. అతని చూపు సూటిగా వెళ్లి ఆ దీపం మీదే ఆగింది. అంత సూటిగా వెళ్లిందంటే, ఆరిపోయిన ఆ దీపాన్ని అతను ఎన్నిసార్లు చూసుకున్నాడో.

“గిది ఎప్పటి సంది ఎలుగుతుంది భాయ్?”

“పొద్దటి సంది.”

“అటు దిక్కు పెడితేనే గదా ఎలిగేది?”

“పెడితేనే.”

అతను గోడ వైపు చూశాడు. ఫొటో దిగడానికి వచ్చిన ఒకతను తల దువ్వుకుని స్టూలు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. అటు పక్క నుంచి అన్న ఎవరినో పుట్టిన తేదీ అడగడం వినిపిస్తోంది. తమ్ముడు నా వైపు తిరిగాడు.

“భాయ్, ఆయనకు చెప్పు...” అని మొదలుపెట్టాడు.

“నేను చెప్ప” అన్నాను. కోపంగా అనలేదు. నిజంగానే ఆ గడప దిగి ఇంకో గడప ఎక్కే శక్తి నాలో లేదు. “గోడ పక్కకే ఉన్నడు. నువ్వే చెప్పు.”

కుర్చీ వెనక్కి జరిపి కూర్చున్నాను. స్టూలు మీదతను “అన్నా, ఫొటో” అన్నాడు. తమ్ముడు చేత్తో ఆగమన్నాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి, గోడకే చెబుతున్నట్టు, పెద్దగా కూడా కాదు, అన్నాడు.

“అన్నా. నీకు నెట్ వస్తుందా?”

అటు పక్క పుట్టిన తేదీలు ఆగిపోయాయి. కుర్చీ జరిగిన చప్పుడైంది. తమ్ముడు చెయ్యి గోడ మీద పెట్టాడు.

“వస్తుందిరా” అన్నాడు అన్న. “నీకు?”

“వస్తుంది.”

అంతే. తమ్ముడు వచ్చి కెమెరా అందుకున్నాడు గానీ స్టూలు మీదతని మొహం అతనికి సరిగా కనబడినట్టు లేదు. రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు. నేను సంచి భుజాన వేసుకుని లేచాను.

“కామారెడ్డి వైరింగు...” అన్నాడు, కెమెరా వెనక నుంచి.

“నా మోకాళ్లతోని కాదు. అంత దూరం నేను రాను.”

“వద్దులే” అన్నాడు.

బయటికొచ్చి చెప్పులు తొడుక్కున్నాను. బండి దగ్గరికి నడుస్తుంటే అలవాటు కొద్దీ చెవి వెనకే ఉంచాను, ఎవరో ఒకరు పిలుస్తారని, ఇటుది అటు చెప్పమంటారని. బండి స్టార్టు చేశాను, బజారు మలుపు దాకా మెల్లగానే నడిపాను. ఎవరూ పిలవలేదు.